భూమి చందమామలా కనిపించే లోకం: ‘ఎస్కాఫ్లోనే’పై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

గత సంచికలో ఒక పాఠకుడు రాజకుమారుల కథ, ప్రేమకథ, రోబోల కథ మూడూ కలిసిన జపనీస్ అనిమే (యానిమేషన్ సిరీస్) ఏదైనా ఉందా అని అడిగితే, 1996లో వచ్చిన ‘ది విజన్ ఆఫ్ ఎస్కాఫ్లోనే’ పేరు చెప్పి రెండు వాక్యాలతో సరిపెట్టాను. ఆ రెండు వాక్యాలు చాలలేదని ఈ నెల అందిన ఉత్తరాలు చెబుతున్నాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ఒక్క సిరీస్‌కే కేటాయిస్తున్నాను. చివరి మూడు జవాబుల్లో కథలోని రహస్యాలను, ముగింపును ప్రస్తావించక తప్పలేదు. ఇంకా చూడనివారు అక్కడ ఆగి, చూసిన తర్వాత తిరిగి చదువుకోవచ్చు.

*

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. సెలవుల్లో ఈ సిరీస్ చూస్తానంటే పక్కన కూర్చుని మొదటి ఎపిసోడ్ చూశాను. బడి మైదానంలో పరుగుతో మొదలై డ్రాగన్‌ను చంపడంతో ముగిసింది. ఇది ఏ కోవకు చెందిన కథో నాకు బోధపడలేదు. పిల్లలు చూడదగినదేనా అండి?
— ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: మీకు బోధపడకపోవడంలో మీ తప్పు లేదమ్మా. చూసేవారిని ఒక లోకంలో కుదురుగా కూర్చోబెట్టి, ఉన్నట్టుండి ఇంకో లోకంలో పడేయాలన్నదే ఆ ఎపిసోడ్ ఉద్దేశం. హితోమి కాంజాకి హైస్కూల్ పరుగు జట్టులో ఉన్న 15 ఏళ్ల అమ్మాయి. స్నేహితురాళ్లకు టారో కార్డులు పరిచి జోస్యం చెబుతుంటుంది. తాను మనసుపడిన సీనియర్ అమానో విదేశాలకు వెళ్లిపోతున్నాడని తెలిసి, 100 మీటర్లు 13 సెకన్ల లోపు పరిగెత్తగలిగితే తనకు మొదటి ముద్దు ఇవ్వమని అతన్ని అడుగుతుంది. సరిగ్గా ఆ పరుగు మధ్యలో ఒక వెలుగు స్తంభంలోంచి కత్తి పట్టిన కుర్రవాడు ఊడిపడతాడు, అతని వెనకే డ్రాగన్ వస్తుంది. ఆ కుర్రవాడు ఫనేలియా అనే చిన్న రాజ్య వారసుడు వాన్. పట్టాభిషేకానికి ముందు డ్రాగన్‌ను వధించి తీరాలన్నది వాళ్ల ఆచారం. అదే వెలుగు స్తంభం ఇద్దరినీ గైయా అనే లోకానికి తీసుకుపోతుంది. అక్కడి ఆకాశంలో చంద్రుడి పక్కనే మన భూమి కూడా కనిపిస్తుంది. గైయా వాసులు దాన్ని మాయా చంద్రుడు అంటారు. హితోమి వాళ్ల దృష్టిలో ఆ శాపగ్రస్తమైన చంద్రుడి నుంచి వచ్చిన పిల్ల. మన ఇల్లు మరొకరి ఆకాశంలో చందమామలా వేలాడుతూ కనబడటమన్న ఆ ఒక్క ఊహ కోసమైనా ఈ సిరీస్ చూడవచ్చునని నేను ఎప్పుడూ అంటుంటాను.

ఏ కోవ అంటారా? అబ్బాయిల కోసం తీసే అనిమేల్లో యంత్రయుద్ధాలు, అమ్మాయిల మాంగాల్లో (జపనీస్ బొమ్మల కథల్లో) చూపులు, మౌనాలు, చెప్పలేని మాటలు జపాన్‌లో చాలాకాలం విడివిడి గదుల్లో ఉండేవి. ఈ సిరీస్ ఆ రెండు గదుల మధ్య గోడను కావాలనే తీసేసింది. దానికి తోడు రాజ్యం కోల్పోయిన రాకుమారుడు, బంగారు జుట్టు వీరుడు, పిల్లి చెవుల అమ్మాయి, తోడేలు మనిషి, మంత్రగాళ్లు ఎత్తుకుపోయిన పాప ఇలా జానపద కథల సరంజామా అంతా ఇందులో ఉంది.

పిల్లల సంగతికి వస్తే, అసభ్యత లేదు కానీ యుద్ధం మాత్రం నిజమైన యుద్ధమే. రెండో ఎపిసోడ్‌లోనే ఫనేలియా నగరం తగలబడుతుంది, వాన్‌కు విద్య నేర్పిన గురువు బాల్గస్ అతని కళ్ల ముందే చనిపోతాడు. డిలాండౌ అనే శత్రు సేనాని క్రూరత్వం పెద్దలకే ఇబ్బందిగా ఉంటుంది. తొమ్మిదో తరగతి అమ్మాయి నిస్సందేహంగా చూడవచ్చు; ఆమె కంటే బాగా చిన్న తమ్ముడో చెల్లెలో ఉంటే మాత్రం వాళ్లను ఇప్పుడే కూర్చోబెట్టకండి. మొదటి ఎపిసోడ్‌కు మీరు కూర్చున్నట్టే మిగతావాటికీ కూర్చుంటే ఇంకా మంచిది, ఎందుకంటే ఆ అమ్మాయి తప్పకుండా మాట్లాడాలనుకునే విషయాలు ఇందులో చాలా ఉన్నాయి.

*

ప్రశ్న: నేను మెకానికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం విద్యార్థిని. గన్‌డమ్, మాక్రాస్ వంటి రోబో అనిమేలు చూసినవాడిని. ఎస్కాఫ్లోనేలో రోబోలు ఉత్త అలంకారమేనని, అసలు కథ ప్రేమకథేనని మా హాస్టల్లో స్నేహితులు అంటున్నారు. నిజమేనా?
— ఒక విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: మీ స్నేహితుల మాటను నేను ఒప్పుకోను. ఇందులో యంత్రాన్ని తీసేస్తే ప్రేమకథ కూడా నిలబడదు.

గైయాలో యుద్ధానికి వాడే ఈ నడిచే కవచాలను గైమెలెఫ్‌లు అంటారు. గన్‌డమ్ తీసిన సన్‌రైజ్ స్టూడియోనే దీన్నీ తీసింది, అయితే అక్కడి రోబో కర్మాగారంలో తయారైన సైనిక వాహనం. ఇక్కడి గైమెలెఫ్ ఒక మధ్యయుగపు వీరుడి ఉక్కు కవచాన్ని ఇంటి ఎత్తుకు పెంచినట్టుంటుంది. నడిపేవాడు కుర్చీలో కూర్చుని మీటలు నొక్కడు; కవచం కడుపులో నిలబడి, తన చేతులూ కాళ్లూ దాని చేతులూ కాళ్లలో ఇమిడించి, తను కదిలితే అది కదిలేలా నడుపుతాడు. ఆయుధం కత్తి. భుజాల మీద నిజమైన గుడ్డతో చేసిన పొడవాటి వస్త్రం గాలికి ఊగుతుంటుంది. ఈ రూపకల్పన కిమితోషి యమానేది. కదలికల్లో బరువు తెలియడం నాకు చాలా ఇష్టం: ఒక అడుగు వేస్తే నేల కుంగుతుంది, కత్తి ఎత్తడానికి సమయం పడుతుంది, ఒకసారి ఊపిన కత్తిని ఆపడం ఎత్తడం కంటే కష్టమవుతుంది. మెకానికల్ చదివేవారికి ఇది తప్పక నచ్చుతుంది.

శత్రువైన జైబాక్ సామ్రాజ్యం యంత్రాలు వేరే తరహావి. వాటి అంగవస్త్రం కప్పుకుంటే కంటికి కనిపించవు. చేతుల్లోంచి చిమ్మే ద్రవలోహం గాలిలోనే గట్టిపడి ఈటెగా మారుతుంది. ఫనేలియా ఒక్క రాత్రిలో కూలిపోవడానికి కారణం ఆ అదృశ్యతే. ఆ కనిపించని యంత్రాలను చూడగలిగింది హితోమి ఒక్కతే. అప్పటికి యుద్ధమంటే ఏమిటో తెలియని ఆ బడిపిల్ల, ఎక్కడ కొట్టాలో చెబితే తప్ప వాన్ గురి తప్పుతాడు. ఇద్దరి మధ్య నమ్మకం ఏ తోటలోనో మాటలతో మొదలవలేదు, ఈ అవసరంలో మొదలైంది.

ఇక ఎస్కాఫ్లోనే అనే తెల్లని గైమెలెఫ్ సంగతి. ఇస్పానో అనే జాతివారు ఫనేలియా రాజులకు దీన్ని తయారుచేసి ఇచ్చారు. డ్రాగన్ గుండెలో దొరికే ఎనర్జిస్ట్ అనే మణి దీనికి ప్రాణం. పాము పడగ మీది మణి కథలు విన్న మనకు ఇది కొత్తగా అనిపించదు. వాన్ తన రక్తంతో తడిపిన ఆ మణిని దాని ఎదలో అమర్చినప్పుడు అది మేల్కొంటుంది, అవసరమైతే డ్రాగన్ ఆకారంలోకి మారి ఎగురుతుంది. అయితే ఆ రక్తబంధానికి వెల ఉంది. కొంతకాలం గడిచేసరికి యంత్రానికి తగిలిన దెబ్బ వాన్ ఒంటి మీద గాయమై తేలుతుంది. 14వ ఎపిసోడ్‌లో అతను చావుబతుకుల్లో పడి ఉంటే, వైద్యుడి చేతిలో ఏమీ ఉండదు. ఇస్పానోవారు వచ్చి యంత్రాన్ని బాగుచేస్తేనే మనిషి కోలుకుంటాడు. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు తన ప్రాణాన్ని ఎక్కడో దూరాన చిలకలో దాచుకున్నది తనకు దెబ్బ తగలకూడదని. ఇక్కడ అది తలకిందులైంది: వాన్ ప్రాణం తను ఎక్కి యుద్ధానికి పోయే కవచంలోనే ఉంది, ప్రతి పోరులోనూ అది అందరికంటే ముందు నిలబడుతుంది. కోపంతో అతను ఎంత గట్టిగా పోరాడితే అంతగా అతని శరీరమే చిరుగుతుంది. చూస్తూ భరించలేనిది హితోమి. ఇది అలంకారమెలా అవుతుంది చెప్పండి.

*

ప్రశ్న: కథ చాలా వేగంగా పరిగెడుతోంది. రెండు, మూడు ఎపిసోడ్ల విషయాన్ని ఒక్కదాంట్లో కుక్కినట్టు ఎందుకుంది?
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: మీరు పట్టుకున్నది నిజం. ఈ సిరీస్‌ను మొదట 39 ఎపిసోడ్లుగా అనుకున్నారు. డబ్బు చాలక అది 26కు తగ్గింది. కథను కోయడానికి మనసొప్పక, ఉన్న కథనంతా 26లోనే నడిపించారు. మొదటి ఎపిసోడ్‌లో ప్రారంభ గీతం కూడా లేకపోవడానికి కారణం ఆ నిడివి కొరతే.

దీని పుట్టుకే ఒక ప్రయాణం. మాక్రాస్ సృష్టికర్తల్లో ఒకరైన షోజి కవమోరి, ‘మాక్రాస్ ప్లస్’ పూర్తయ్యాక, నేపాల్ వెళ్లివచ్చిన అనుభవంతో, అట్లాంటిస్ వంటి పురాతన గాథల మీద ఆసక్తితో ఈ ఊహను ముందుకు తెచ్చారు. మొదట అనుకున్న దర్శకుడు యసుహిరో ఇమగావా. ఎస్కాఫ్లోనే అనే మాటను కల్పించింది ఆయనే. ఆయన గన్‌డమ్ సిరీస్ ఒకటి చేయడానికి వెళ్లిపోవడంతో పని కొంతకాలం ఆగిపోయింది. ఆ తర్వాత పగ్గాలు అందుకున్న కజుకి అకనే, అమ్మాయిలు కూడా ఇష్టపడి చూడాలన్న పట్టుదలతో కథను మళ్లీ మలిచారు. మొదటి ఆలోచనలో హితోమి పొడవాటి జుట్టు, కళ్లద్దాలతో ఉండే అమాయకపు పిల్ల. పొట్టి జుట్టుతో పరుగు తీసే ఈ హితోమి తర్వాతి రూపం. పాత్రల రూపాలు గీసిన నొబుతెరు యూకి చేతి గుర్తు ఆ పొడవాటి ముక్కుల్లో కనిపిస్తుంది. మొదట వింతగా అనిపించినా మూడో ఎపిసోడ్‌కల్లా కన్ను అలవాటుపడుతుంది.

తొందర వల్ల నష్టం జరిగిందనే నా అభిప్రాయం. ముఖ్యంగా చివరి యుద్ధంలో దేశాలు, సేనలు ఎవరు ఎటువైపో తేల్చుకోవడానికి చూసేవారికి ఊపిరి దొరకదు. కానీ ఒక ఎపిసోడ్‌లో కూడా కాలక్షేపానికి నడిపిన భాగం కనిపించకపోవడం, ఇప్పటి సుదీర్ఘ సిరీస్‌లు చూసి అలసిన మనకు వరంలా అనిపిస్తుంది.

*

ప్రశ్న: మేము డల్లాస్‌లో పెరిగాం. చిన్నప్పుడు శనివారం ఉదయం ఈ కార్టూన్ కొన్ని వారాలు చూసినట్టు గుర్తు. డ్రాగన్ రోబో గుర్తుంది కానీ పరుగు పందెం, ముద్దు సంగతి ఏమీ గుర్తులేదు. తర్వాత అది మాయమైపోయింది. నేను పొరబడుతున్నానా?
— ఒక పాఠకురాలు, అమెరికా

జవాబు: మీ జ్ఞాపకం సరైనదే. 2000 ఆగస్టులో అమెరికాలో ఫాక్స్ కిడ్స్ దీన్ని ప్రసారం చేసింది. అబ్బాయిల కోసమని బాగా కత్తిరించి, మొదటి ఎపిసోడ్‌ను పూర్తిగా వదిలేసి, సంగీతంలో కొంత భాగాన్ని మార్చి చూపించారు. పది ఎపిసోడ్లతో అక్కడ ఆగిపోయింది. పక్కనే కెనడాలో వైటీవీ మాత్రం కథను చివరిదాకా చూపించింది. మొదటి ఎపిసోడ్‌ను తీసేయడమంటే హితోమి ఎవరో, ఏ ఆశతో పరిగెత్తిందో, ఎక్కడి నుంచి తెగిపోయి వచ్చిందో తీసేయడమే. మీకు రోబో మాత్రమే గుర్తుండిపోవడంలో ఆశ్చర్యం ఏముంది? 2016లో ఫ్యూనిమేషన్ కొత్త ఇంగ్లీషు డబ్బింగుతో మొత్తం సిరీస్‌ను విడుదల చేసింది. ఇప్పుడు మీ పిల్లలతో కలిసి మొదటి నుంచి చూడండి. మీ చిన్ననాడు మీకు దక్కనిది వాళ్ల పక్కన కూర్చున్నప్పుడు దక్కుతుంది.

*

ప్రశ్న: నేను సంగీతం నేర్పుతాను. మా విద్యార్థిని ఒకమ్మాయి ఈ సిరీస్‌లోని బృందగానం వినిపించింది. గూస్‌బంప్స్ వచ్చాయంటే నమ్మండి. దాని వెనక ఎవరున్నారు?
— ఒక సంగీత ఉపాధ్యాయిని, రాజమహేంద్రవరం

జవాబు: నమ్ముతానండి, ఎన్నిసార్లు విన్నా నాకూ అదే అనుభవం. సంగీతం యోకో కన్నో, హజిమే మిజోగుచి ఇద్దరిదీ. మిజోగుచి స్వయంగా చెల్లో వాద్యకారుడు. తీగ వాద్యాల్లో వినిపించే ఆ లోతైన దుఃఖం వెనక ఆ చేయి ఉందని నాకు అనిపిస్తుంది. మీరు విన్న బృందగానం బహుశా ‘డాన్స్ ఆఫ్ కర్స్’ అయి ఉంటుంది. అందులో గాయకబృందం ఎస్కాఫ్లోనే అన్న పేరునే మంత్రంలా పదేపదే ఉచ్చరిస్తుంది. యుద్ధ దృశ్యానికి సాధారణంగా డప్పులు, బాకాలు పెడతారు. ఇక్కడ చర్చిలో వినిపించే తరహా సామూహిక గానం పెట్టారు. దానివల్ల యంత్రం కదిలినప్పుడల్లా ఏదో శాపం లేచినట్టు ఉంటుంది.

ప్రారంభ గీతం దీనికి పూర్తిగా భిన్నం. పాడింది హితోమికి గొంతునిచ్చిన మాయా సకమోతో. సిరీస్ ప్రసారం మొదలైనప్పుడు ఆమె వయసు 16 ఏళ్లు, అంటే ఇంచుమించు హితోమి వయసే. ఆమె పాటల జీవితం దీనితోనే మొదలైంది, ఆ తర్వాత చాలా ఏళ్లపాటు కన్నో ఆమెకు పాటలు కట్టారు. ఆ గొంతులో ఇంకా మెరుగు పడని పచ్చిదనం ఉంది. పాట పేరు ‘యకుసొకు వ ఇరనాయ్’. మన భాషలో చెప్పాలంటే ‘బాస అక్కర్లేదు’. ఆ మాటను దయచేసి గుర్తుంచుకోండి, హితోమి ప్రేమ గురించి కింద వచ్చే ప్రశ్నలో మళ్లీ దాని అవసరం పడుతుంది.

గొంతుల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెబుతాను. పిల్లి చెవుల అమ్మాయి మెర్ల్ గొంతు ఇకుయె ఓతానిది. మరుసటి ఏడాది నుంచి పోకెమాన్‌లో పికాచుగా ప్రపంచమంతా విన్న గొంతు అదే. ఉన్మాది సేనాని డిలాండౌకు గొంతునిచ్చింది మినామి తకయమా అనే నటి. అబ్బాయి పాత్రకు నటి గొంతు పెట్టడం అనిమేల్లో మామూలే అయినా, ఈ పాత్ర విషయంలో అది ఎంత సరైన ఎంపికో కథ చివరికి గానీ తెలియదు.

*

ప్రశ్న: సినిమా కూడా ఉందట. 26 ఎపిసోడ్లు చూసే తీరిక లేనివారు సినిమా చూస్తే సరిపోతుందా?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: సరిపోదు. 2000లో వచ్చిన సినిమా సిరీస్‌కు సంక్షిప్త రూపం కాదు. పేర్లు అవే, మనుషులు వేరు. అందులో హితోమి బతుకు మీద ఆశ లేక, లేకుండా పోతే బాగుండునని కోరుకునే అమ్మాయి, వాన్ క్రూరుడు, యంత్రం రక్తమాంసాల కవచంలా ఉంటుంది. బొమ్మలు అద్భుతంగా ఉంటాయి, వెలుతురు మాత్రం తక్కువ. కత్సు అకి గీసిన మాంగా కూడా సిరీస్‌కు ముందే మొదలైనందున వేరే దారిలో పోయింది. తీరిక లేకపోతే రోజుకు ఒక్క ఎపిసోడ్ చూడండి, నెల తిరగకముందే పూర్తవుతుంది.

*

ప్రశ్న: జైబాక్ చక్రవర్తి డోర్న్‌కిర్క్ మన భూమి మీద పుట్టిన ఐజాక్ న్యూటన్ అని విన్నాను. భౌతికశాస్త్రం బోధించే నాకు ఇది కొంచెం బాధగా అనిపించింది. అంత గొప్ప శాస్త్రవేత్తను మంత్రగాడిగా చూపించడం న్యాయమా?
— ఒక అధ్యాపకుడు, వరంగల్

జవాబు: మీ బాధను గౌరవిస్తూనే, ఈ విషయంలో రచయితల పక్షాన నిలబడతాను. డోర్న్‌కిర్క్ భూమి నుంచి వచ్చిన ఐజాక్ అనీ, గురుత్వాకర్షణను కనుగొన్నవాడనీ, జీవితపు చివరి ఘడియల్లో గైయాకు చేరాడనీ కథ చెబుతుంది. అది ఎవరో పోల్చుకోవడం కష్టం కాదు.

1727లో మరణించిన అసలు న్యూటన్ కేవలం గమన సూత్రాల మనిషి కాదని మీకు నాకంటే బాగా తెలుసు. ఆయన రసవాదం మీద, బైబిల్ జోస్యాల మీద రాసుకున్న కాగితాలు గుట్టలుగా ఉన్నాయి. చాలాకాలం ఎవరికీ పట్టని ఆ కాగితాలు 1936లో లండన్‌లో వేలానికి వచ్చినప్పుడు, వాటిలో గణనీయమైన భాగాన్ని ఆర్థికవేత్త కీన్స్ కొని భద్రపరిచారు. గ్రహాల దారిని లెక్కగట్టిన చేతులే లోహాల గుప్తశక్తినీ, రాబోయే కాలాన్నీ లెక్కగట్టాలని తపించాయి. ఆ తపనకు ఇంకో రెండు శతాబ్దాల ఆయుష్షు, ఒక సామ్రాజ్యం దొరికితే ఏమవుతుందన్నదే ఈ కథ వేసిన ప్రశ్న.

డోర్న్‌కిర్క్ ఉద్దేశం దురాశ కాదు. రాయి నేల మీద పడటానికి ఒక బలం ఉన్నట్టే, మనుషులు ఒకరివైపు ఒకరు లాగబడటానికీ, యుద్ధాలు రావడానికీ విధి అనే ఒక బలం ఉందని, దాన్ని కొలవవచ్చని, యంత్రంతో మార్చవచ్చని అతని నమ్మకం. వాన్ అన్న ఫోల్కెన్ అతని పక్షాన చేరడానికి కారణం కూడా యుద్ధాలు లేని లోకం మీద ఆశే. అందుకే ఈ సిరీస్‌లో ప్రతినాయకుడిని ద్వేషించడం కష్టం. మంచి కోసమే కదా అనుకుంటూ జైబాక్ మంత్రగాళ్లు పసిపిల్లల మీద చేసిన ప్రయోగాల వరకు వెళ్లినప్పుడు మాత్రం ఒళ్లు జలదరిస్తుంది. బంగారు జుట్టు వీరుడు అలెన్ షెజార్ చెల్లెలు సెలీనా చిన్నప్పుడే తప్పిపోయింది; ఆ పాప విధిని మార్చి వాళ్లు తయారుచేసినవాడే డిలాండౌ. దయ్యాలు పసిబిడ్డను మార్చేసే కథలు లోకమంతటా ఉన్నాయి, ఇక్కడ ఆ దయ్యాల చేతిలో కొలమానాలు ఉన్నాయి. శాస్త్రం మీద ప్రేమ ఉన్నవారే ఈ హెచ్చరికను ఎక్కువ అర్థం చేసుకుంటారని నా నమ్మకం, అందులో మీరూ ఒకరు.

*

ప్రశ్న: నాకు అలెన్ అంటే ఇష్టం. మర్యాద తెలిసినవాడు, అందగాడు, హితోమిని ముద్దాడి పెళ్లికి కూడా అడిగాడు. వాన్ సగం ఎపిసోడ్లలో కోపంగా అరుస్తూనే ఉంటాడు. హితోమి మనసు చివరికి వాన్ వైపే ఎందుకు తిరగాలి?
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఈ ప్రశ్నకు జవాబు రాస్తానని ఎదురుచూస్తున్నాను అంటే అతిశయోక్తి కాదు.

ముందుగా అలెన్ ముఖం ఎవరిదో గుర్తు చేసుకోండి. అతను అచ్చం అమానోలా ఉంటాడు. ఇల్లూ వాకిలీ వదిలి ఎక్కడో పడ్డ 15 ఏళ్ల పిల్లకు, తను వదిలి వచ్చిన ముఖం ఒక అపరిచితుడిలో కనిపిస్తే గుండె అటు పరుగెత్తదా? అది ప్రేమ కాదని నేననను, కానీ అందులో సగం ఇంటి మీద బెంగ. అలెన్ వైపు నుంచి చూసినా అంతే. తప్పిపోయిన చెల్లెలు, చనిపోయిన రాకుమారి మార్లీన్, కొడుకని చెప్పుకోలేని చిన్నారి చిద్ ఇందరు అతని మనసులో ఉన్నారు. ఎదుట ఉన్న ఆడపిల్లలో అతను ఎప్పుడూ పోగొట్టుకున్నవారినే వెతుకుతాడు. ఒక చిన్న విషయం: అతని గైమెలెఫ్ పేరు షెహెరజాద్. రాత్రికో కథ చెప్పి ప్రాణం కాపాడుకున్న అరేబియా కథల రాణి పేరు అది. అలెన్ కూడా అందమైన మాటల వెనక బతుకుతున్నవాడే.

పైగా వాన జోరున కురుస్తుండగా వంతెన మీద జరిగిన ఆ ముద్దు వాళ్లిద్దరి సొంతమే అనడానికీ లేదు. హితోమిని వాన్ నుంచి దూరం చేస్తే చాలునని లెక్కగట్టిన డోర్న్‌కిర్క్, తన యంత్రంతో ఆమె విధిని అలెన్ వైపు లాగుతాడు. 19వ ఎపిసోడ్ మొత్తం ఆ కుట్రే. వాన్ ఆ దృశ్యాన్ని చూస్తాడు కూడా. ప్రేమను గురుత్వాకర్షణలా ప్రయోగించడమనే ఆలోచన ఇంత నిర్దాక్షిణ్యంగా చూపిన ప్రేమకథ నేను ఇంకొకటి చూడలేదు.

ఇక హితోమి కూడా తప్పు చేస్తుంది. తాను అలెన్‌ను ప్రేమిస్తున్నాననుకుంటున్న రోజుల్లోనే, అతన్ని ప్రేమించే రాకుమారి మిలెర్నా తన పెళ్లి గురించి జోస్యం చెప్పమని వస్తుంది. వ్యాపారి డ్రైడెన్‌తో ఆమె పెళ్లి కుదిరింది. కార్డులు చెడు చెబుతున్నా మంచిదేనని హితోమి అబద్ధమాడుతుంది. ఎందుకన్నది ఆమెకు తెలుసు, మనకూ తెలుసు. ఆ పెళ్లి రోజున దాడి జరిగి జనం చనిపోయినప్పుడు ఆమె పడే అపరాధ భావన తేలికగా పోయేది కాదు. తన కథానాయికకు ఇంత మామూలు, ఇంత మానవ సహజమైన తప్పును ఇచ్చినందుకు ఈ రచయితలంటే నాకు గౌరవం. డ్రైడెన్‌ను కూడా మరువకండి. మిలెర్నా మనసు తనది కాదని తెలుసుకుని, ఆమెకు తగినవాడినయ్యాక వస్తానని ఉంగరం తిరిగిచ్చి వెళ్లిపోయిన ఆ మనిషి, సిరీస్‌లో అందరికంటే పెద్దమనసున్నవాడు.

వాన్ మాట. అరుస్తాడు, నిజమే. రాజ్యం కాలిపోయి, అన్న శత్రువై, తల్లి నుంచి వచ్చిన రెక్కలను లోకం శాపమని అసహ్యించుకుంటుంటే దాచుకుని తిరుగుతున్న 15 ఏళ్ల కుర్రవాడు వేరే ఎలా ఉంటాడు? ఎనిమిదో ఎపిసోడ్‌లో హితోమి ఎత్తు నుంచి పడిపోతున్నప్పుడు, అందరూ చూస్తారన్న ఆలోచన లేకుండా అతను రెక్కలు విప్పి దూకుతాడు. ఆమెకు తన గుట్టును ఇచ్చేశాడన్నమాట. అయితే ఆమెను తన యుద్ధానికి కళ్లుగా వాడుకోవాలన్న ఆశ కూడా అతనిలో కొంతకాలం ఉంది, దాన్ని ఆమె ముఖం మీదే అడుగుతుంది. ఆ గొడవ దాటాకే వాళ్లు దగ్గరవుతారు.

ఇప్పుడు ఆ ప్రారంభ గీతం పేరు తలచుకోండి. టారో కార్డులు అడిగేది రేపు ఏమవుతుందని; డోర్న్‌కిర్క్ యంత్రం అడిగేదీ అదే. హితోమి ఆలస్యంగా ఒకటి గ్రహిస్తుంది: తాను చూసే చెడు దృశ్యాలకు తన భయమే ఊపిరి పోస్తోంది. 24వ ఎపిసోడ్‌లో ఆమె భూమికి, తన మామూలు జీవితానికి తిరిగి వచ్చేస్తుంది. అక్కడ ఆమెను ఎవరూ బలవంతపెట్టరు, ఏ యంత్రమూ లాగదు. అయినా మనసు ఎటుందో అప్పుడు తెలుస్తుంది, వాన్ కూడా ఆమె కోసం వెలుగు స్తంభంలో దిగివస్తాడు. రేపటి గురించి ఏ బాసా ఇవ్వని, ఏ బాసా అడగని కుర్రవాడి చేయి పట్టుకుని ఆమె తిరిగి గైయాకు వెళుతుంది. అలెన్ మంచివాడు. కానీ అతను అడిగింది పెళ్లి అనే బాస, అప్పటికి ఇద్దరికీ తమ మనసే తెలియదు.

*

ప్రశ్న: అంత కష్టపడి ఒకటైనవాళ్లు చివరికి విడిపోవడమేమిటి? హితోమి గైయాలోనే ఉండిపోతే ఎవరికి నష్టం? ముగింపు చూసి రెండు రోజులు అన్నం సహించలేదు.
— ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: మీ రెండు రోజులు నాకు అర్థమవుతాయి. నేను మొదటిసారి చూసినప్పుడు ముగింపు మీద కోపమే వచ్చింది. తర్వాత మళ్లీ చూసినప్పుడు కోపం పోయింది, దిగులు మాత్రం మిగిలింది.

25వ ఎపిసోడ్‌లో డోర్న్‌కిర్క్ కోరుకున్నదే జరుగుతుంది: అందరి కోరికలూ నెరవేరే స్థితి ఏర్పడుతుంది. దాని ఫలితం శాంతి కాదు. అణచుకున్న పగలన్నీ ఒక్కసారిగా నెరవేరి లోకమంతా కత్తులు దూస్తుంది, వాన్, అలెన్ కూడా ఒకరి మీద ఒకరు విరుచుకుపడతారు. కోరుకున్నదల్లా వెంటనే దక్కే లోకం ఎలా ఉంటుందో కళ్లారా చూసిన అమ్మాయి హితోమి. అలాంటి అమ్మాయి, కోరికే కారణంగా ఉండిపోవడానికి సందేహిస్తుంది. ఆమెకు తల్లిదండ్రులున్నారు, స్నేహితురాలు యుకారి ఉంది, సగంలో ఆగిన పరుగు ఉంది. వాన్‌కు కాలిపోయిన రాజ్యం ఉంది. వెళ్లమని అతను చెప్పలేదు, ఉండమనీ కట్టిపడేయలేదు. ఆమె వెళతానంది, అతనే దారి చూపాడు.

ఇంకొక సంగతి చాలామంది గమనించకుండా దాటేస్తారు. హితోమి మెడలోని లోలకం ఆమె నాయనమ్మది. ఆ నాయనమ్మ కూడా పడుచుతనంలో ఒకసారి గైయాకు వెళ్లి, అక్కడ అలెన్ తండ్రి లియోన్‌ను కలిసి, ఆ లోలకాన్ని అతని చేతుల మీదుగా అందుకుని తిరిగి వచ్చింది. అంటే అది ఆ ఇంట్లో రెండు తరాలపాటు గైయా నుంచి వచ్చిన అతిథిలా ఉండిపోయింది. విడిపోయే ముందు హితోమి దాన్ని వాన్‌కు ఇస్తుంది. భూమికి చేరాక ఒక క్షణం రెక్కలు విప్పుకున్న వాన్ ఆమెకు కనిపిస్తాడు, ఆమె నవ్వుతుంది. ఆ లోలకం ఇప్పుడు వాన్ దగ్గర ఉంది, అతని తల మీది ఆకాశంలో భూమి ఉంది.